నల్లజీడి పట్టీలు

1946 జూన్‌లో నన్ను మార్కాపురం తాలూకాలో ఒక లోకల్ ఫండ్ డిస్పెన్సరీకి లేడీ సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఆ తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది, జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. హోదా పేరు పొడుగే గాని దానితో వచ్చే అధికారం పొట్టి. ఎల్.ఎం.పి. డిప్లొమా చదివిన మాలాంటివాళ్లకు పై మెట్టు మీద అసిస్టెంట్ సర్జన్లు, వారి పైన కర్నూలులో జిల్లా మెడికల్ ఆఫీసరు, అందరి పైన మద్రాసులో సర్జన్ జనరల్. ఏ కాగితమైనా ఈ మెట్లన్నీ ఎక్కి దిగాల్సిందే. నాది గుంటూరు జిల్లా. మీటర్ గేజి బండి దిగి, జట్కా ఎక్కి, ఆ ఊరు చేరేసరికి నా పెట్టెలోని మందుసీసాలు సగం పగిలాయి. ఊరి పేరు రాయడం లేదు, మనుషుల పేర్లు మార్చాను. కారణం చదివేవారికే తెలుస్తుంది.

డిస్పెన్సరీ అంటే రెండు గదులు, ఒక వసారా, ఒక కాంపౌండరు, ఒక ఆయా. చలిజ్వరాలు, నారికురుపులు, కాన్పులు, వీటితోనే పొద్దుపోయేది. చర్మరోగులు వసారా చివర్న కూర్చునేవారు. దురదతో ఎవరూ చావరు గనుక దాన్ని రోగంగా ఎవరూ లెక్కచేయరు. రాత్రంతా గోక్కుని పొద్దున్నే పనికి పోయేవాళ్ల బాధ వాళ్లకే తెలుసు.

చదువుకునే రోజుల్లో మద్రాసులో చర్మరోగాల వార్డులో కొన్నాళ్లు పనిచేశాను. అక్కడి పెద్ద డాక్టరు ఒంటికి సరిపడని వస్తువుల్ని పట్టుకునే పరీక్షల మీద పరిశోధన చేసేవారు. అలర్జీ అనే మాట అప్పటికింకా డాక్టర్ల నోళ్లు దాటలేదు. జనం మాత్రం ఏనాటి నుంచో 'నాకు వంకాయ పడదు' అంటూనే ఉన్నారు. పడదన్న సంగతి వాళ్లకు తెలుసు, ఏది పడదో తేల్చడం మాత్రం ఎవరికీ చేతకాదు. ఆ తేల్చే పని మీద నాకు మోజు ఉండేది. మారుమూల డిస్పెన్సరీలో అది పనికొస్తుందని అనుకోలేదు.

ఆ ఏడు వానాకాలంలో, ఊరికి కాస్త ఎడంగా ఉన్న మిషన్ ఆడపిల్లల బోర్డింగు బడి నుంచి సుగుణమ్మ అనే టీచరు వచ్చింది. ఇరవై దాటిన మనిషి. గిద్దలూరు వైపు పల్లె. తల్లిదండ్రులు కూలి చేసుకునే క్రైస్తవులు. ఆ బడిలోనే చదివి, ట్రైనింగై, ఆ బడిలోనే మూడో తరగతికి చెప్తోంది. కొంగు తలమీదుగా కప్పుకుని వచ్చింది. తీసి చూస్తే మెడ వెనక చర్మం మందంగా అట్టకట్టి, పగిలి, నీరు కారుతోంది. నడుము దగ్గర కూడా అంతే. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి.

ఆమెను తెచ్చింది దురద ఒక్కటే కాదు. బోర్డింగులో టీచర్లు పిల్లలతోనే తినాలి, పిల్లల గదిలోనే పడుకోవాలి. ఇది అంటురోగమని బోర్డింగు మేట్రన్ ఎస్తేరమ్మ పట్టుబట్టింది. బడి నడిపే కరస్పాండెంటు, అందరూ అయ్యగారు అని పిలిచే పాస్టరు, దసరా సెలవుల దాకా గడువిచ్చారు. అంటేది కాదని డాక్టరమ్మ నమ్మకంగా చెప్తే ఉండవచ్చు, లేకపోతే సెలవులకు పోయిన మనిషి పోయినట్టే. పోతే ఆమెకు మిగిలేది తల్లితో పాటు కూలికి వంగడమే. ఇంటిల్లిపాదీ ఆమె జీతం మీదే ఆధారపడి ఉన్నారు.

అయినా ఆమె నన్ను అడిగిన మొదటి మాట ఉద్యోగం గురించి కాదు.

"అంటేది అయితే దాచొద్దమ్మా, చెప్పేయండి. పిల్లకాయలు నా పక్కనే పండుకుంటారు."

ఆ మాటతోనే నాకు ఆమె మీద గౌరవం కలిగింది. అంతకుముందు చూసిన వైద్యుడెవరో తామర అనుకుని మంటపుట్టే లేపనం ఇచ్చాడట, దానితో పుండు ఇంకా రేగింది. ఆపైన ఊరంతా వైద్యులే. ఒకరు వంకాయ మానమన్నారు, ఒకరు గోంగూర, ఒకరు ఎండుచేప, ఒకరు దోసకాయ. అందరి మాటా విని ఆమె మజ్జిగన్నం మీదికి వచ్చింది, మనిషి పుల్లలా అయింది. పథ్యమంటే నాకు ఒళ్లుమంట. రోగం ఏమిటో తెలియనప్పుడు రోగి నోరు కట్టేయడం మన దేశంలో అందరికీ వచ్చిన వైద్యం. ముందు ఆమెను కడుపునిండా తినమన్నాను.

గుండుసూదితో గుచ్చి చూశాను. స్పర్శ బాగా తెలుస్తోంది. కాబట్టి అందరూ లోలోపల భయపడుతున్న కుష్ఠు కాదు. చర్మం పొట్టు గీకి, పొటాషు నీళ్లలో నానబెట్టి, సూక్ష్మదర్శిని కింద చూశాను. తామర బూజు లేదు. ఎప్పుడు తగ్గుతుంది, ఎప్పుడు పెరుగుతుంది అని అడిగాను. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోతే పూర్తిగా మానిపోతుందట. బడి తెరిచి వారం తిరక్కుండానే మళ్లీ మొదలు. బోర్డింగులో నీళ్లు, తిండి అందరికీ ఒకటే. మరి పుండున్నచోట ఒంటికి తగిలేదేమిటి? విప్పిన రవికను తిరగేసి చూపమన్నాను. మెడపట్టీ లోపల నల్లగా రెండు చుక్కలు, వాటి కింద ఒక గీత. లంగా నాడా దగ్గరా అదే గుర్తు.

అది చాకలి గుర్తు. నల్లమల అడవిలో దొరికే నల్లజీడి గింజను ముల్లుతో గుచ్చి, ఊరిన రసంతో బట్ట మీద గుర్తు పెట్టి, పైన సున్నం అద్దుతారు. ఇక ఎన్ని ఉతుకులకూ పోదు. ఊళ్లో ఇళ్ల బట్టలు చాకలికి చూపుతోనే తెలుస్తాయి, గుర్తు అక్కర్లేదు. బోర్డింగులో అందరివీ ఒకే తాను తెల్లబట్టలు గనుక ఒక్కొక్కరికీ ఒక గుర్తు. పల్లెలో సుగుణమ్మ బట్టలు తల్లి వాగులో ఉతికేది, అక్కడ ఆమె కట్టేవి గుర్తుల్లేని పాత బట్టలే. యుద్ధంలో పనిచేసి వచ్చిన నా సహాధ్యాయిని ఒకామె, సోల్జర్ల కాలర్ల కింద ఇలాంటి పుళ్లు చూశామని ఎప్పుడో చెప్పింది. అప్పుడు గుర్తుకొచ్చింది.

అనుమానం వేరు, రుజువు వేరు. రుజువుకు ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానం ఉన్న వస్తువులన్నీ తలా ఒక చిన్న గుడ్డముక్క మీద వేసి, మంచి చర్మం మీద పెట్టి, పైన ప్లాస్టర్ అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూడాలి. ఏది పడదో ఆ ముక్క కిందే కందుతుంది, మిగతా చోట్ల ఏమీ ఉండదు. చాకలి నరసయ్యను పిలిపించి అతను వాడేవన్నీ తెమ్మన్నాను. చవుడు, సబ్బు, గంజి, నీలిమందు, జీడి. జీడిరసం చిక్కగా తగిలితే ఎవరికైనా కాలుతుంది కాబట్టి స్పిరిట్‌లో బాగా పలచన చేశాను. ఇప్పటి డాక్టర్లు అడవిగింజను అలా చర్మం మీద పెట్టనే పెట్టరు, పెట్టకూడదు కూడా. అప్పుడు మా దగ్గర ఉన్న దారి అదే. సుగుణమ్మ వీపు మీద ముక్కలన్నీ వరసగా పెట్టాను, జీడిముక్క ఒకటి నా చేతి మీద పెట్టుకున్నాను.

నరసయ్య వసారాలో నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. "తాతల కాడ్నుంచి పెడతాండామమ్మా. ఎవురికీ ఏం కాలేదు. నా పొట్ట మీద కొట్టొద్దు తల్లీ" అన్నాడు. తప్పు నీది కాదని ఎంత చెప్పినా అతని మొహం తేటపడలేదు.

రెండు రోజుల తర్వాత తీస్తే, సుగుణమ్మ వీపు మీద జీడిముక్క కింద మాత్రం నీటిపొక్కులు లేచాయి. మిగతా చోట్ల శుభ్రం. నా చేతికి ఏమీ రాలేదు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ ఊపులోనే సుగుణమ్మను వెంటబెట్టుకుని బడికి పోయి అయ్యగారికి అంతా వివరించాను. ఆయన పెళ్లికీ సమాధికీ ఒకే గొంతుతో మాట్లాడే నెమ్మదైన మనిషి. శ్రద్ధగా విన్నారు. పక్కనే ఎస్తేరమ్మ నిలబడి ఉంది.

ఎస్తేరమ్మ గురించి చెప్పాలి. బోర్డింగు ఆమె వల్లే నడిచేది. పెద్ద వయసు, విధవరాలు, మడతపడని తెల్లచీర. తన బట్ట చాకలికి వేయదు, బావి దగ్గర తనే ఉతుక్కుంటుంది, అదొక పట్టుదల. ఏ పిల్లకు జ్వరమొచ్చినా రాత్రంతా తల దగ్గర కూర్చునేది ఆమే. అందుకే ఆమె భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేకపోయాను. దురుద్దేశం ఉన్న మనిషైతే నా పని సులువయ్యేది.

నేను చెప్పిందంతా విని ఆమె ఒకే మాట అడిగింది. "మీకు రాలేదు, ఈమెకు వచ్చె. మందు ఒకటే గదమ్మా. అంటే రోగం మందులో లేదు, ఈమె ఒంట్లోనే ఉండాది గదా?"

నా రుజువును నా చేతిలోంచే తీసుకుని నామీదికే తిప్పింది. ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే దేనికైనా సాక్ష్యమే, దేనికీ సాక్ష్యం కాదు. మద్రాసు వార్డులో మొదటి రోజే నేర్పిన సంగతి, ఎక్కువ మందిని పరీక్షించనిదే ఏదీ తేల్చకూడదని. జబ్బు లేని మామూలు మనుషుల్లో కూడా జీడి పడనివాళ్లు ఉన్నారని చూపాలి, వాళ్లవల్ల ఇంట్లో ఎవరికీ అంటలేదని చూపాలి.

"అయితే ఇంకొందరికి పెట్టి చూస్తాను" అన్నాను.

"నాకు పెట్టండి. జీడి మా ఇండ్లల్లోకి రానీయం. దిష్టికి కట్టే గింజ అది, అన్యుల ఆచారం. నేను పుట్టినాక ముట్టలేదు. దేవుని దయవల్ల నా ఒళ్లు శుభ్రంగా ఉండాది. నాకేం కాదు, చూస్తురు గాని" అంది. అయ్యగారి ముందే ముంజేయి చాచింది. పట్టీ వేశాను. మిగతావాళ్ల పట్టీలు తీసే రోజే దాన్నీ అయ్యగారి ఎదట విప్పాలని మాట.

మిగతావాళ్ల కోసం ఊళ్లో కబురు పెట్టించాను. ఒక్కరైనా వస్తారా అని నా దిగులు. మర్నాడు పొద్దున్నే చూస్తే వసారా నిండా ముసలమ్మలు. ఆ వైపు పల్లెల్లో నొప్పి ఉన్నచోట జీడిచుక్కలు పెట్టడం పాత మందు. మోకాలికి, నడుముకి, పిల్లల కడుపునొప్పికి అన్నిటికీ అదే. పెద్దడాక్టరమ్మే స్వయంగా జీడి పెడుతోందని కబురు మారిపోయింది. ఇది మందు కాదు, పరీక్ష అని గొంతు చించుకున్నాను. నేను కాదన్నకొద్దీ వాళ్ల నమ్మకం పెరిగింది. ఒకామె పట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఏందమ్మా, ఇంత చదువు చదివి ఇంత సన్న చుక్క పెడితివి? మా అత్తయితే మోకాలంతా పెట్టేది" అని నిష్ఠూరమాడింది. కాంపౌండరు లోపలికి పోయి నవ్వుకున్నాడు. నేను మాత్రం ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎప్పుడు జీడి వాడారు, అప్పుడు ఏమైంది అని అడిగి తెలుసుకున్నాను. మద్రాసు వార్డులో ఎంత వెతికినా ఇలాంటి రోగులు దొరికేవారు కారు. వద్దన్నా వచ్చారు, అడిగిందల్లా చెప్పారు.

పట్టీలు విప్పే రోజు ముసలమ్మల్లో చాలామందికి ఏమీ రాలేదు. కొందరికి మాత్రం పొక్కులు లేచాయి. పొక్కులు లేచినవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు జీడి పెట్టించుకున్నవాళ్లే. కాని పెట్టించుకున్నవాళ్లందరికీ లేవలేదు. ఇందులో తిరకాసు ఇదే. మొదటిసారి తగిలినప్పుడు కొన్ని ఒళ్లు ఏమీ అనకుండా దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఎన్నేళ్లకైనా మళ్లీ తగిలితే, ఈసారి తిరగబడతాయి. ఏ ఒళ్లు గుర్తుపెట్టుకుంటుందో, ఏది మరిచిపోతుందో ముందు చెప్పలేం. పొక్కులు వచ్చినవాళ్ల ఇళ్లలో అడిగిస్తే ఒక్కరికీ అంటలేదు. నా నివేదికకు కావలసింది దొరికింది. కాని ముసలమ్మల చేతులు చూసి అయ్యగారు నమ్ముతారో లేదో నాకు తెలియదు. ఆయన నమ్మేది ఎస్తేరమ్మను.

ఆ మధ్యాహ్నం బడికి పోదామని సర్దుకుంటుంటే ఎస్తేరమ్మే ఒంటరిగా వచ్చింది. తలుపు వేయమంది. కొంగు కింది నుంచి చెయ్యి తీసింది. పట్టీ చుట్టూ చర్మం ఎర్రగా కంది వాచింది. విప్పి చూస్తే కింద పొక్కులు సుగుణమ్మకు వచ్చినవాటికంటే పెద్దవి.

ఆ చేతిని కిటికీ వెలుతురుకు తిప్పి చూశాను.

"ముందెప్పుడైనా జీడి తగిలిందా?" అని అడిగాను.

"లేదమ్మా" అంది. చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇది అంటుతాదా?" అని అడిగింది.

"మీరే చెప్పండి. ఈ మూడు రాత్రులూ పిల్లల మధ్యనే పడుకున్నారు కదా. ఎవరికైనా వచ్చిందా?"

తల అడ్డంగా ఊపింది. పొక్కులకు పర్మాంగనేటు నీళ్లతో తడిపిన గుడ్డ వేసి కట్టుకడుతున్నాను. అప్పుడు తనంతట తనే చెప్పడం మొదలుపెట్టింది. పుట్టింది దోర్నాల దగ్గర అడవి అంచు పల్లెలో. తండ్రి అడవివాళ్లతో కలిసి జీడి, కుంకుళ్లు, తేనె ఏరి సంతకు మోసేవాడు. ఇల్లంతా జీడిగింజలే. దిష్టి తగలకుండా నాయనమ్మ ఆమె మొలతాడుకు ఒక గింజ కట్టింది. కడుపునొప్పి వస్తే బొడ్డు చుట్టూ చుక్కలు పెట్టింది, మచ్చలు ఇంకా ఉన్నాయట. ఇంటిల్లిపాదీ మతం పుచ్చుకున్న రోజు తండ్రి ఆ మొలతాడు తెంచాడు.

"తెంచి వాగులో పారేసినాడమ్మా మా నాయన. నేను కండ్లారా చూసినా. పారేసినాక ఇంకా యాడుండాది అది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర శాస్త్రం చెప్పే జవాబు ఉంది. ఒంటికి తనదైన జ్ఞాపకం ఉంటుందని, దానికి పాపపుణ్యాలతో పనిలేదని, మీ నాయన తెంచింది తాడునే గాని ఒంట్లోని గుర్తును తెంచే మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదని నాకు వచ్చినట్టు చెప్పాను. ఆమె విన్నది గాని ఊరట పడలేదు. ఏ పిల్ల మెడలో తాయెత్తు కనిపించినా తెంపించిన మనిషి ఆమె. ఆమెను చూస్తే నాకు జాలేసింది. అంతకుముందు ఆమె మీద నాకున్న కోపం ఏమైపోయిందో తెలియలేదు.

మొలతాడు మాట అయ్యగారికి చెప్పవద్దని కోరింది. రోగి చెప్పిన సంగతి రోగిదేనని, నాకు ఆ చెయ్యి ఒక్కటి చాలని చెప్పాను. ఇష్టం లేకపోతే చెయ్యి కూడా చూపనక్కర్లేదు, ముసలమ్మల సంగతితోనే వాదిస్తానని కూడా అన్నాను. ఆమె కట్టు మీద కొంగు కప్పుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం నేను బడికి వెళ్లేసరికి అయ్యగారు వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నారు. సుగుణమ్మ స్తంభం దగ్గర నిలబడి ఉంది. ఆమె ట్రంకుపెట్టె అప్పటికే సర్ది గుమ్మం పక్కన పెట్టి ఉంది, ఎవరు సర్దమన్నారో నాకు తెలియదు. నేను నోరు తెరవకముందే ఎస్తేరమ్మ వచ్చి కొంగు తీసి, కట్టు విప్పి, అయ్యగారి ముందు చెయ్యి పెట్టింది.

"నాకూ వచ్చింది అయ్యగారూ. అంటేదైతే మొదట నన్ను పంపించండి."

అయ్యగారు ఆ చేతిని చాలాసేపు చూశారు. తర్వాత ఆయనకు తోచిన ప్రశ్న ఆయన అడిగారు. "మీరు జీడి ముట్టరు గదమ్మా?"

ఎస్తేరమ్మ నావైపు చూడలేదు. సుగుణమ్మవైపు చూసి చెప్పింది. "ముట్టినా అయ్యగారూ. మొలకు కట్టుకుని తిరిగినా."

అయ్యగారు లేచి ట్రంకుపెట్టెను తనే లోపలికి జరిపారు. సుగుణమ్మ ఏడుస్తూ ఎస్తేరమ్మ చేతికి కట్టు తిరిగి కట్టబోతే, "ఏడవబాక, గట్టిగా కట్టు, జారిపోతాది" అని ఆమె మందలించింది.

తర్వాతి సంగతులు క్లుప్తంగా. బోర్డింగు బట్టలకు జీడి మాన్పించి, ఎర్రదారంతో కుట్టు గుర్తులు పెట్టించాం. నరసయ్య భార్య కుట్టింది, వాళ్ల వాడుక చెడలేదు. సుగుణమ్మ మెడ దసరా నాటికి మానింది. ఇప్పుడున్న అలర్జీ మాత్రలు అప్పటికి మాదాకా రాలేదు. తడిగుడ్డ, కాలమైను నీళ్లు, తగలకుండా చూసుకోవడం, అంతే చికిత్స. నేను రాసిన నివేదిక మెట్లన్నీ ఎక్కి, 'చూడడమైనది' అన్న ముక్కతో దిగివచ్చింది. ఎస్తేరమ్మ పేరు గాని మొలతాడు మాట గాని అందులో లేవు.

ఆ పని నాకు నేర్పింది పరీక్షల గురించి కాదు. పరీక్ష ఏది పడదో చెప్తుంది. అది ఒంట్లోకి ఎప్పుడు వచ్చిందో రోగే చెప్పాలి, రోగి చెప్పకపోవడానికి కారణాలుంటాయి. 'జీడి ఎప్పుడైనా తగిలిందా' అన్న నా ప్రశ్న ఎస్తేరమ్మ చెవికి నేరం మోపినట్టు వినిపించింది. తర్వాత సర్వీసు ముగిసేదాకా ఏ రోగినీ అలా అడగలేదు. 'మీ నాయనమ్మ దిష్టికి ఏం కట్టేది' అని అడిగేదాన్ని. అలా అడిగితే దాదాపు అందరూ చెప్పారు.